ఓటరులకు వ్రాసిన లేఖయే నేరమైన నాడు

1797 మే 22వ తేదీన వర్జీనియా రాష్ట్రమునందలి రిచ్మండ్ నగరమున కొలువుదీరిన అమెరికా సమాఖ్య సర్క్యూట్ న్యాయస్థానములో, ఏ నేరమును విచారణకు పంపదగునో తేల్చుటకై పిలువబడిన గ్రాండ్ జ్యూరీ, దొంగతనమును గాని దొమ్మిని గాని కాక, కాంగ్రెసు సభ్యులు తమ్మెన్నుకొన్నవారికి వ్రాసిన లేఖలను దేశమునకు వాటిల్లిన కీడుగా ప్రకటించి, వారిలో సామ్యుయేల్ జోర్డాన్ కాబెల్ పేరును ప్రత్యేకముగా నెత్తి చూపెను. ఈ కాబెల్ స్వాతంత్ర్య సమరమున పోరాడి, 1780లో ఛార్లెస్టన్ శత్రువశమైనప్పుడు బ్రిటిషువారికి బందీగా చిక్కినవాడు. ఫ్రాన్సు యెడల ప్రభుత్వ మవలంబించిన విధానము తప్పని తాను నమ్మిన సంగతిని తన నియోజకవర్గ ప్రజలకు అచ్చువేయించి తెలుపుటయే అతడు చేసిన అపరాధము.

అట్టి లేఖలు ఆ కాలమున, విశేషించి దక్షిణ, పశ్చిమ రాష్ట్రములలో, నిత్యాచారముగ నుండెను. పత్రికలు అరుదుగా చేరు పల్లెలలోని పొలముగల కాపులకు, యుద్ధభయమును గూర్చియు, పన్నులను గూర్చియు, న్యాయస్థానములను గూర్చియు రాజధానిలో నేమి జరిగెనో తెలియవలెనన్న వారి సభ్యుని లేఖయే ముఖ్యాధారము; సభ్యుని సంతకమున్నచో తపాలా సుంకము లేకుండ అది వారి నూరు చేరుచుండెను. 1789 మొదలు 1829 వరకు వెలువడిన ఇట్టి లేఖలను చరిత్రకారుడు నోబుల్ కన్నింగ్‌హామ్ సేకరించి 1978లో మూడు సంపుటములుగా ప్రకటించెను. ఒక దేశపు రాజకీయమును దాని సభాపత్రములనుండి కాక, సభ్యుడు తన ఊరివారికి చెప్పుకొన్న మాటలనుండి తెలిసికొనుట ఎంతయో లాభకరమని నా విశ్వాసము.

ఆనాడు పీఠముపై నధ్యక్షత వహించినవాడు సుప్రీంకోర్టు న్యాయమూర్తి జేమ్స్ ఐరెడెల్. జ్యూరీకి చేసిన ప్రసంగములో అతడు ప్రభుత్వమునకు బాసటగా నిలువవలసిన కర్తవ్యమును గట్టిగా చెప్పియుండెను గాని, జ్యూరీ ప్రకటనలో తనకు ప్రమేయము లేదని తరువాత పత్రికాముఖమున వివరించెను. కాబెల్ మాత్రము మౌనము వహింపక, తన్నెన్నుకొన్నవారికే ప్రత్యుత్తరము వ్రాసి, ప్రతినిధి తనవారితో మాటలాడుటను అడ్డగించు అధికారము న్యాయస్థానమున కెక్కడిదని నిలదీసెను.

కాబెల్ నియోజకవర్గములోని ఓటరులలో నొకడు, అప్పటి ఉపాధ్యక్షుడు థామస్ జెఫర్సన్. అతడు తన పేరు వెల్లడించకయే వర్జీనియా ప్రతినిధి సభకు సమర్పింపదగిన విజ్ఞాపనపత్రము నొకదానిని రచించెను. అధికారులచే పిలువబడిన జ్యూరీ, శాసనకర్త యభిప్రాయములను తూచుటకు పూనుకొనుట, ప్రజలు తమ ప్రతినిధిని విచారింపగల హక్కును అపహరించుటయే యని అతని వాదము. ఈ విజ్ఞాపనను కాంగ్రెసునకే పంపుట మేలని జేమ్స్ మన్రో సూచించినను జెఫర్సన్ సమ్మతింపలేదు. ఆ సంవత్సరాంతమున వర్జీనియా సభ జ్యూరీ చర్యను ఖండించెను. జ్యూరీ సభ్యులకు శిక్ష పడలేదు, కాబెల్‌పై విచారణయు జరుగలేదు. అతడు 1803 వరకు సభ్యుడుగనే యుండెను.

ఆ మరుసటి యేడు వచ్చిన రాజద్రోహ శాసనము మరింత దారుణమైనది. వెర్మాంట్ సభ్యుడు మాథ్యూ లయన్‌కు ప్రభుత్వమును దూషించెనన్న ఆరోపణపై నాలుగు నెలల కారాగారవాసము, 1000 డాలరుల జరిమానా విధింపగా, అతని ఓటరులు చెరసాలలోనున్నవానినే మరల గెలిపించి పంపిరి. ఇంతకన్న స్పష్టమైన తీర్పు ఏ పీఠమునుండి రాగలదు?

సభ్యుల లేఖలలో చర్చకు వచ్చిన మరొక విషయము న్యాయస్థానముల సంస్కరణ. అప్పటి యేర్పాటున సుప్రీంకోర్టు న్యాయమూర్తులే వందల మైళ్లు ప్రయాణము చేయుచు సర్క్యూట్ కోర్టులను నడుపవలసి వచ్చెను. రిచ్మండునకు ఐరెడెల్ వచ్చుటయు అట్లే. ఎడతెగని ఆ ప్రయాణములచే కృశించి అతడు 1799లో 48వ యేట మరణించెను. ఈ కష్టమును తొలగింప 1801 ఫిబ్రవరి శాసనము 16 మంది క్రొత్త సర్క్యూట్ న్యాయాధీశులను కల్పించి, వేరు వేరు రాష్ట్రములవారి దావాలు సమాఖ్య కోర్టులకు చేరుటను సులభ మొనర్చెను. అయితే ఎన్నికలలో నోడిన పక్షము పదవి విడుచుటకు ముందు ఆ స్థానములను తనవారితో నింపినందున సంస్కరణ కాస్తయు పక్షపాతమయ్యెను. అధ్యక్షుడైన జెఫర్సన్ సమాఖ్య కోర్టులలో పడిన దావాల పట్టికను తెప్పించి కాంగ్రెసు ముందుంచగా, వ్యాజ్యము లింత తక్కువయైనచో ఇందరు న్యాయాధీశు లేలయని యొక పక్షమును, ఒకసారి నియమితుడైన న్యాయాధీశుని చట్టముతో తొలగించుట రాజ్యాంగ విరుద్ధమని వేరొక పక్షమును వాదించెను. 1802 మార్చి 8న ఆ శాసనము రద్దయ్యెను. ఉభయ పక్షములవారి లేఖలును ఆ యేడు ఈ వాదముతోనే నిండియుండుట చూడగా, అప్పులవారి దావాల భయమున నున్న రైతుకు ఇది పండితుల చర్చగాక తన గడపనంటిన విషయమై యుండెనని తెలియుచున్నది.

లేఖకు రక్షణ యుండవలెనా యన్న ప్రశ్న ఇంతటితో నాగలేదు. విస్కాన్సిన్ సెనేటరు విలియం ప్రాక్స్మైర్ 1975లో, ప్రభుత్వధనము వ్యర్థమగుచున్నదని తనకు తోచిన పరిశోధనలకు ‘గోల్డెన్ ఫ్లీస్’ అను ఎగతాళి బహుమానమును ప్రకటింప నారంభించి, ఆ ముచ్చటను సుమారు 1,00,000 మందికి పంపు లేఖలో వ్రాసెను. ఆ ఎగతాళికి గురియైన, కోతుల ప్రవర్తనను పరిశోధించు శాస్త్రవేత్త యొకడు పరువు నష్టపు దావా వేయగా, సభలోని ప్రసంగమునకు రాజ్యాంగ రక్షణ గలదుగాని, సభ వెలుపల పంచు లేఖకు అది వర్తింపదని 1979లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను; న్యాయమూర్తి బ్రెన్నన్ ఒక్కడే భిన్నాభిప్రాయము వెలిబుచ్చెను. ప్రభుత్వ విధానమును నిందించుటకును, పేరెత్తి యొక సామాన్యుని జీవనోపాధిని ఎగతాళి చేయుటకును భేదము గలదు. ఆ భేదమును గుర్తించినందున ఈ తీర్పు నాకు సమంజసముగనే తోచును, రిచ్మండ్ జ్యూరీ చేసిన పని మాత్రము ఎన్నటికిని కాదు. మరుసటి యేడు 10,000 డాలరుల పరిహారముతో రాజీ కుదిరెను. ప్రాక్స్మైర్ మాత్రము సెనేటునుండి విరమించువరకును ఆ బహుమానముల ప్రకటనను విడువలేదు.