తెర, తెరచాప, మా ఆర్‌వీ ఆనింగ్

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. మామూలుగా ఒక మాట పట్టుకుని దాని గురించి రాస్తాను కదా, ఈసారి ఆ మాట నన్ను రోమ్ దాకా తీసుకెళ్ళింది. తప్పులుంటే ఎప్పటిలాగే సర్దుకుని చదవండి.

రెండేళ్ళ క్రితం ఆగస్టులో నాన్న, నేను ఒక ఆర్‌వీ అద్దెకి తీసుకుని సౌత్ డకోటాలో బ్యాడ్‌లాండ్స్ చూడటానికి వెళ్ళాం. ఆర్‌వీ అంటే మంచం, స్టవ్వు, బాత్రూమ్ అన్నీ లోపలే ఉండే పెద్ద బండి. దాని పక్కగోడ మీద, పైన, ఒక గుడ్డ చుట్ట ఉంటుంది. బటన్ నొక్కితే రెండు అల్యూమినియం చేతులు ముందుకి చాచుకుంటాయి, గుడ్డ విచ్చుకుంటుంది, కింద నీడ వస్తుంది. అదే ఆనింగ్. మాది పదహారు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు.

మధ్యాహ్నం భోజనం చేసి నాన్న లోపల పడుకున్నారు. పడుకునే ముందు "గాలి వస్తే చుట్టెయ్" అన్నారు. నేను సరే అన్నాను. ఆకు కూడా కదలటం లేదు. ఆ నీడలో కూర్చుని నోటుపుస్తకంలో ఒత్తులు రాసుకుంటున్నాను. పడమర వైపు చాలా దూరంగా ఒక మబ్బు ఉంది. వాన మా మీద పడుతుందేమో చూద్దాం అనుకున్నాను. కానీ ముందు వచ్చింది వాన కాదు. పెద్ద మబ్బు కురిసేటప్పుడు చల్లటి గాలి కిందకి పడి, నేల మీద నాలుగు వైపులా పరుగెత్తుతుందట. వాన ఇంకా మైళ్ళ దూరంలో ఉండగానే అది మన దగ్గరికి వచ్చేస్తుంది. నాకు అప్పుడు తెలియదు.

గుడ్డ కింద నుంచి ఉబ్బింది. చేతులు పైకి లేచాయి. పెద్ద చప్పుడు, టపాకాయ పేలినట్టు, మళ్ళీ మళ్ళీ. నాన్న లుంగీతోనే బయటికి పరుగెత్తుకొచ్చి ఒక చేతిని పట్టుకున్నారు. అది మెలితిరిగింది, దాంతో పాటు నాన్న మణికట్టు కూడా. తర్వాత గుడ్డ ఈ చివర నుంచి ఆ చివరకి చిరిగిపోయింది. మొత్తం పది సెకన్లు పట్టిందేమో. బిల్లు సంగతి వదిలేయండి. మణికట్టు బాగవటానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి వచ్చాక తాతయ్యకి ఫోన్ చేశాను. మా తాతయ్యది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. ఒకప్పుడు చెక్క ఓడలు కట్టిన ఊరు. ఆనింగ్‌కి తెలుగు మాట తెలియక "మా పందిరి చిరిగిపోయింది తాతయ్యా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఫొటో పంపించాను.

"ఇది పందిరేంటమ్మా? పందిట్లో ఆకుల మధ్య సందులుంటాయి, గాలి తన దారిన తను పోతుంది. దీనికి సందులెక్కడున్నాయి? ఇది తెరచాప. చాప ఎత్తి పెట్టి ఎవరైనా నిద్రపోతారా?"

నిద్రపోయింది నేను కాదు, నాన్న. కానీ ఆ మాట తగలాల్సింది నాకే అని నాకు తెలుసు.

తెరచాప. తెర, చాప. సినిమా తెర కూడా తెరే, గుమ్మానికి వేసేదీ తెరే, ఓడ మీదదీ తెరే. ఇది తెలుగులో మాత్రమేనా అని వెతికితే లాటిన్‌లో కూడా అంతేనట. అక్కడి మాట వేలుమ్ (మన వేలం పాట కాదు!). ఓడ తెరచాపా వేలుమే, గుమ్మం తెరా వేలుమే, నాటకశాల మీద ఎండకి కట్టే గుడ్డా వేలుమే. ఇక్కడి నుంచి నేను లైబ్రరీ పుస్తకాల్లో పడ్డాను.

రోమ్‌లో నాటకశాల మీద నార గుడ్డ మొదట కట్టించింది క్వింటస్ కాటులస్ అని ప్లినీ రాశాడు. కాపిటల్ కొండ మీద గుడి ప్రతిష్ఠ జరిగినప్పుడు, అంటే క్రీ.పూ. 69లో. అప్పటి కవి ల్యుక్రీషియస్ ప్రకృతి గురించి ఒక పెద్ద కావ్యం రాశాడు. అందులో ఒకచోట పసుపు, ఎరుపు తెరల కింద కూర్చున్న జనం మీద ఆ రంగులు ఎలా ఆడతాయో చెప్తాడు. ఇంకోచోట ఉరుము గురించి చెప్తూ, పెద్ద నాటకశాలల మీద స్తంభాలకీ దూలాలకీ మధ్య కట్టిన గుడ్డ గాలికి కొట్టుకుంటే వచ్చే చప్పుడుతో పోలుస్తాడు. ఒక్కోసారి ఆ గుడ్డ గాలికి చిరిగిపోతుందని కూడా అంటాడు. ఇది చదివి పుస్తకం కాసేపు మూసేశాను. ఆయన చనిపోయింది సుమారు క్రీ.పూ. 55లో. అంటే రోమ్‌లో మొదటి ఆనింగ్ కట్టిన పది, పదిహేనేళ్ళలోపే అది చిరిగే చప్పుడు కవిత్వంలోకి వచ్చేసింది. నేను విన్న చప్పుడే.

తర్వాత క్రీ.శ. 80లో కొలోసియం తెరిచారు. దాని పై అంతస్తు బయటి గోడకి 240 రాతి బ్రాకెట్లు ఉన్నాయి, వాటి మీద స్తంభాలు నిలబెట్టేవారు. గుడ్డ సరిగ్గా ఎలా కట్టేవారు అన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు నచ్చింది వేరే విషయం. ఆ పని ఎవరికి అప్పగించారు? బట్టలు కుట్టేవాళ్ళకి కాదు, వడ్రంగులకి కాదు. నావికులకి! మిసేనమ్ రేవులోని నౌకాదళం నుంచి మనుషుల్ని తెచ్చి రోమ్‌లో ఉంచారు, వాళ్ళ శిబిరం కొలోసియం దగ్గరే. కొమ్మోడస్ చక్రవర్తి జీవితం రాసిన పాత పుస్తకంలో కూడా తెరలు కట్టే ఈ నావికుల మాట వస్తుంది. గుడ్డ పరవటం ఎవరైనా చేస్తారు. ఎప్పుడు దించాలో తెలిసినవాడు కావాలి కదా.

కొన్ని రోజులు అసలు కట్టేవారే కాదు. మార్షల్ అనే కవి చిన్న చిన్న పద్యాలు రాశాడు, పండక్కి ఇచ్చే బహుమతుల మీద. వాటిలో ఒకటి టోపీ మీద. పాంపే నాటకశాలలో గాలి వల్ల తెరలు వేయరు కాబట్టి టోపీ పెట్టుకుని చూడాలని దాని అర్థం. అంటే గాలి రోజున రోమన్లు ఎండలో కూర్చునేవారు, అంతే.

ఇక గాలిని కొలవటం. బ్యూఫర్ట్ స్కేల్ పేరు వినే ఉంటారు. ఫ్రాన్సిస్ బ్యూఫర్ట్ అనే బ్రిటిష్ నౌకాధికారి 1806లో తన డైరీలో రాసుకున్నాడు. కానీ అందులో మైళ్ళ లెక్క లేదు. ఏ గాలికి ఓడ ఎన్ని తెరచాపలు మోయగలదు అన్నదే తర్వాత లెక్కయింది. చివరి మెట్టు 12, అంటే ఏ గుడ్డా తట్టుకోలేని గాలి. గాలిని గుడ్డతో కొలిచారన్నమాట! నేల మీద చూసే గుర్తులు తర్వాత 1906లో జార్జ్ సింప్సన్ చేర్చాడు. చిన్న కొమ్మలు కదిలి, దుమ్ము, కాగితాలు లేస్తే 4. ఆకులున్న చిన్న చెట్లు ఊగటం మొదలైతే 5.

4కీ 6కీ తేడా రెండే అనిపిస్తుంది. కాదు. గాలి వేగం రెట్టింపయితే దాని బలం నాలుగు రెట్లవుతుంది. మా ఆనింగ్ 128 చదరపు అడుగులు. అది గాలికి ఎదురుగా లేచి నిలబడిందనుకోండి, గంటకి 15 మైళ్ళ గాలి దాన్ని సుమారు 75 పౌండ్ల బలంతో తోస్తుంది. 30 మైళ్ళయితే దాదాపు 300 పౌండ్లు. నాన్న ఒక చేత్తో పట్టుకోవాలని చూసింది దీన్ని.

అమెరికాలో బండి పక్కన గుడ్డ కట్టటం కారు వచ్చిన కొత్తలోనే మొదలైంది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో టిన్ కాన్ టూరిస్ట్స్ అనే సంఘం పెట్టుకున్నవాళ్ళ ఫొటోలు చూడండి. కారు పైనుంచి ఒక కాన్వాస్ గుడ్డ, దానికి కర్రలు, తాళ్ళు, మేకులు. కట్టటానికి చాలాసేపు పట్టేది. కానీ ముడి వేసినవాడి చేతికి గాలి తెలుస్తుంది. తాడు బిగిసినా, వదులైనా తెలుస్తుంది. తర్వాత స్ప్రింగు రోలర్లు వచ్చాయి, ఆ తర్వాత మోటారు, బటన్. వాటిలో చాలావాటికి నేలతో సంబంధమే ఉండదు, చేతులు బండికే అంటుకుని గాల్లో ఉంటాయి. నేను మంచి కాలంలో పుట్టాను, ఒప్పుకుంటాను. కానీ బటన్ నొక్కిన వేలికి ఏమీ తెలియదు.

మొన్న మే నెలలో నాన్న మళ్ళీ వెళ్దామన్నారు. ఆయనే అడిగారు. ఈసారి తీసుకున్న బండి ఆనింగ్‌కి ఒక సెన్సర్ ఉంది, గుడ్డ బాగా అదిరితే దానంతట అదే చుట్టుకుంటుంది. బాగుంది, కానీ అదిరాక కదా? నేను దాన్ని నమ్ముకోలేదు. గుడ్డ కొట్టుకోకుండా అంచుల్ని చేతులకి పట్టి ఉంచే క్లిప్పులు కొన్నాను. వాన నీళ్ళు గుడ్డ మధ్యలో నిలవకుండా ఒక మూల కిందకి దించాను. బండిని గాలి వచ్చే వైపుకి వీపు పెట్టి ఆపమన్నాను. రాత్రి పడుకునే ముందు, ఎక్కడికైనా నడవటానికి వెళ్ళే ముందు, ఆకాశం ఎలా ఉన్నా సరే, చుట్టేశాను.

రెండో రోజు మధ్యాహ్నం నాన్న నీడలో కూర్చుని టీ తాగుతున్నారు. ఎదురుగా కాటన్‌వుడ్ చెట్టు చిన్న కొమ్మలు కదిలాయి. మబ్బు ఎక్కడా లేదు. నేను నోటుపుస్తకం పక్కన పెట్టి లేచాను.

"చాప దించేస్తున్నా నాన్నా" అన్నాను.

నాన్న చెట్టు వైపు చూశారు, నా వైపు చూశారు. గుడ్డ చుట్టుకుంటుంటే ఎండ మెల్లగా ఆయన కాళ్ళ మీద నుంచి పైకి వచ్చింది. కప్పు కింద పెట్టి లోపలికి వెళ్ళి రెండు టోపీలు తెచ్చారు.