కీళ్ళవాతము – గర్భిణులు చూపిన దారి

మన ధర్మపురికి పూర్వనామం తగడూరు. ఇక్కడి ప్రభువు అదియమాన్ దీర్ఘాయువునిచ్చే ఉసిరికాయ దొరకగా, తాను ఆరగించక కవయిత్రి అవ్వైయారుకు ఇచ్చినాడని తమిళుల ప్రాచీన గాథ. అట్టి ఊరిలో ఉగాది జరుపుకొంటూ, ఆడవారిని అధికంగా బాధించే ఒక వ్యాధి చరిత్రను పాఠకులకు విన్నవించదలచినాము.

కీళ్ళు వాచుట, తెల్లవారి లేచేసరికి వేళ్ళు బిగుసుకొనుట మన యిండ్లలో చూచినదే. కడుపుతో ఉన్నన్నాళ్ళు ఈ బాధ చాలమందికి తగ్గి, పురుడైన కొన్నాళ్ళకు తిరగబెడుతుంది. బాలింతకు చలిగాలి సోకినదని సరిపెట్టుకొంటాము. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యుడు ఫిలిప్ హెంచ్ అట్లు సరిపెట్టుకొనలేదు. గర్భిణులకు కలిగే ఈ ఉపశమనాన్ని 1938లో ప్రకటించినాడు. కామెర్లు వచ్చిన మగవారికీ బాధ తగ్గుట చూచి, ఇది కేవలం స్త్రీ హార్మోను ప్రభావం కాదని తలచినాడు. తుదకు కెండాల్ వేరుచేసిన కార్టిజోనును 1948 సెప్టెంబరులో ఒక రోగిణికి ఇవ్వగా, కొద్ది రోజులలో ఆమె నడవగలిగింది. 1950లో రైక్‌స్టైన్‌తోపాటు వీరిద్దరికీ నోబెల్ బహుమానం లభించింది. దీర్ఘకాలం వాడితే కార్టిజోను ఎముకలకు చేటని పిదప తేలింది.

దేహాన్ని కాపాడవలసిన రక్షణకణాలు సొంత కీళ్ళపైనే తిరుగబడుటే ఈ వ్యాధి. కణాల మధ్య సాగే సంకేతాలను హార్మోనులు హెచ్చించనూగలవు, తగ్గించనూగలవు. కడుపులోని బిడ్డ సగం తండ్రి అంశ గనుక, గర్భకాలంలో ఆ రక్షణశక్తి కొంత సర్దుకొంటుంది. ప్రసవానంతరం హార్మోనులు పడిపోగా మరల విజృంభిస్తుంది. అయినా హార్మోనులొక్కటే కారణం కాదు. స్త్రీలలో రెండుగా ఉండే ఎక్స్ క్రోమోజోముకూ ఇందులో పాత్ర కలదు. ఈ కీళ్ళవాతం మగవారికన్న ఆడవారిలో రెండు మూడు రెట్లు అధికం. లూపస్ అనే మరొక వ్యాధిలో రోగులు పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే.

ఇందు మనవాడొకడు కలడు. 1895లో భీమవరంలో జన్మించి, మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే సంస్థలో నడిపిన పరిశోధనల నుండి మెథోట్రెక్సేట్ వెలువడింది. క్యాన్సరు కొరకు పుట్టిన ఆ మందును కీళ్ళవాతానికి అమెరికా ప్రభుత్వం 1988లో అనుమతించింది. కార్టిజోను ఫలించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూసినాడు. తన మందు కీళ్ళకు ఉపకరించుట చూడలేదు.

వారానికొకసారి స్వల్పమోతాదులో ఇచ్చే ఈ మందు నేటికీ ప్రధానమైనది. కాని గర్భిణులు దీనిని వాడరాదు. బిడ్డను కోరేవారు ముందుగానే వైద్యునికి చెప్పవలెను. బాలింత కీళ్ళు నొచ్చుచున్నవంటే చలిగాలి అని త్రోసిపుచ్చక, ఆమె మాట వినండి. గర్భిణుల మాట ఒక వైద్యుడు విన్నందుననే ఈ చరిత్ర నడిచింది గదా!