ఋతుస్రావాధిక్యం, ఇనుము లోపం: అనంతపురం నేపథ్యంలో ఒక పరిశీలన

అనంతపురం ప్రాంత స్త్రీల రక్తహీనతపై జరిగే చర్చ చాలావరకు తిండి చుట్టూనే తిరుగుతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడే ఈ పీఠభూమిలో కొర్ర, జొన్న, రాగి పండిన ఎర్రనేలల్లోకి వేరుశనగ విస్తరించడం, 1983 తరువాత కిలో రెండు రూపాయల బియ్యం వచ్చి సంగటి స్థానాన్ని వరి అన్నం ఆక్రమించడం అందులో తరచుగా ప్రస్తావనకు వచ్చే కారణాలు. అవి నిజమే గాని, ఒంటికి పట్టే ఇనుమును మాత్రమే లెక్కించి, నెలనెలా పోయే ఇనుమును విడిచిపెడితే సమస్య సగమే బోధపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 60 శాతం కాగా, ఇనుము మాత్రల పంపిణీ సాగుతున్నా 2019–21 నాటికి 58.8 శాతానికే తగ్గింది.

సాధారణ ఋతుస్రావంలో 30–40 మిల్లీలీటర్ల రక్తం పోతుంది; 80 దాటితే దానిని అధిక ఋతుస్రావంగా పరిగణిస్తారు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములున్న స్త్రీ రక్తంలో మిల్లీలీటరుకు సుమారు 0.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది గనుక, నెలకు 100 మిల్లీలీటర్లు పోయే స్త్రీ రోజుకు సగటున 1.3 మిల్లీగ్రాములను కోల్పోతుంది. చర్మం, పేగుల ద్వారా ఎవరికైనా పోయేదాన్ని కలిపితే అది రెండు మిల్లీగ్రాములు దాటుతుంది. ధాన్యమే ప్రధానమైన భోజనంలోని ఇనుములో పదో వంతైనా ఒంటబట్టడం అరుదు కాబట్టి, ఈ లోటును తిండి ఒక్కటే పూడ్చలేదు. రాగిలో ఇనుము ఉన్నా, అందులోని ఫైటేట్లు, పాలీఫినాల్స్ అనే పదార్థాలు దానిని పట్టి ఉంచుతాయి. మొలకెత్తించి ఎండబెట్టిన రాగిపిండిలో ఆ అడ్డు కొంత తగ్గుతుంది. భోజనంతోపాటు తీసుకునే సి విటమిన్ ఇనుము శోషణను పెంచుతుంది, వెంటనే తాగే టీ తగ్గిస్తుంది. ఆ విటమిన్ ఉండి జిల్లాలో విరివిగా పండే చీనీకాయలు లారీల్లో దూరపు మార్కెట్లకు తరలిపోతుండగా, వాటిని కోసే కూలీ స్త్రీల పళ్లెంలో ఒక్క కాయైనా లేకపోవడం విచారకరం.

రక్తం ఎంత పోయిందో ఇంట్లో కొలవడం సాధ్యం కాదు. ఏడు రోజులు దాటి స్రావం కావడం, గడ్డలు పడటం, గంట రెండు గంటలకే గుడ్డ తడిసిపోవడం, రాత్రి లేచి మార్చుకోవలసి రావడం, ఆ రోజుల్లో కలుపుతీతకు పోలేకపోవడం నమ్మదగిన సూచనలు. ఆరోగ్య కార్యకర్త మాత్రలిచ్చేటప్పుడే ఈ విషయాలు అడగడం అవసరం. శరీరంలోని ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ అనే ప్రోటీన్ హిమోగ్లోబిన్ కంటే ముందే పడిపోతుంది. అది లీటరుకు 15 మైక్రోగ్రాముల లోపుంటే లోపమున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది.

ఇక్కడ అంతకంటే ఆందోళన కలిగించేది చికిత్స తీరు. 2015–16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం; సగానికి పైగా చెప్పిన కారణం అధిక రక్తస్రావం, నొప్పి. ఇరవైల్లోనే పిల్లలు పుట్టడం, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స పూర్తికావడంతో ఆ అవయవంతో ఇక పనిలేదనే భావన బలపడింది. కాని చిన్న వయసులో అండాశయాలు కూడా తొలగిస్తే ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. గర్భాశయ గడ్డలు, థైరాయిడ్ లోపం, రక్తం గడ్డకట్టడంలో లోపం వంటి కారణాలను ముందు వెతికి, స్రావమయ్యే రోజుల్లో ట్రానెక్సామిక్ ఆమ్లం, అవసరమైతే హార్మోను మాత్రలు లేదా లెవొనార్జెస్ట్రెల్ విడుదల చేసే గర్భాశయ సాధనం వైద్యుల పర్యవేక్షణలో వాడి చూడటం న్యాయం.

శస్త్రచికిత్స రక్తస్రావాన్ని ఆపుతుందే గాని, పోయిన ఇనుమును తిరిగి ఇవ్వదు. ఇనుము మాత్ర వేసుకున్నాక కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి మరునాటి మాత్ర శోషణను తగ్గిస్తుందని తేలినందున, రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతినీ ఇప్పుడు వైద్యులు సూచిస్తున్నారు. కడుపులో వికారం తగ్గించడానికీ ఇది ఉపకరిస్తుంది. మాత్రలు సరిపడనివారికి, రక్తం మరీ తక్కువైనవారికి ఆసుపత్రిలో నరం ద్వారా ఇనుము ఎక్కిస్తారు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చిన తరువాత కూడా, నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు మాత్రలు కొనసాగించాలి.