చెట్టు కింద అరగంట కునుకు – దీనికీ ఒక చరిత్ర ఉంది

ఈ పోస్టు కొంచెం పెద్దది. మధ్యాహ్నం అన్నం తిని, మంచం మీద నడుం వాల్చి తీరిగ్గా చదువుకోండి. చెప్పబోయే సంగతి కూడా ఆ నడుం వాల్చడం గురించే.

మొన్న మన ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది, మీలో చాలామంది చూసే ఉంటారు. మిరప చేను గట్టున వేపచెట్టు కింద ఏడెనిమిది మంది ఆడకూలీలు మొహం మీద కొంగు కప్పుకుని పడుకున్నారు. "రోజుకూలి ఇచ్చి మరీ నిద్రపుచ్చుతున్నాం" అని కింద రాశారు. దానికి నవ్వు బొమ్మలు బోలెడు. తర్వాత మాట ముదిరింది. మధ్యాహ్నం గంటకు కూలి కోసేద్దాం, రైతులందరం ఒక్క మాట మీద ఉందాం అన్నాడు ఒకాయన. ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుని తేలుద్దాం అన్నారు ఇంకొకరు. నేను గ్రూపులో ఏమీ రాయలేదు. అక్కడ రాస్తే గొడవే మిగులుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్పుకుంటా. పన్నెండేళ్ల కింద పత్తి తీతలప్పుడు ఒకామె సాళ్ల మధ్యే కూర్చుని కునికింది. నేను అందరి ముందూ అరిచి, సాయంత్రం సగం కూలే చేతిలో పెట్టాను. ఆమె ఒక్క మాట అనకుండా తీసుకుని పోయింది. అదే రాత్రి రెండింటికి మా బోరుకు కరెంటు వచ్చింది. లేచి వెళ్లి మోటారు వేసి, నీళ్లు కట్టి, తెల్లారాక ఇంటికొచ్చి పదకొండింటి దాకా పడుకున్నా. నన్ను ఎవరూ లేపలేదు, నాకు ఎవరూ ఏమీ కోయలేదు. ఆమె రాత్రి ఎందుకు నిద్రపోలేదో నేను అడగనూ లేదు. ఈ రెండు నిద్రల్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

సరే, చరిత్రలోకి వద్దాం. పని మధ్యలో కునుకు అనేది నేరం ఎప్పుడయింది? మొదట్నుంచీ కాదు.

పాత రోము వాళ్లు పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకే దాకా పగటిని పన్నెండు భాగాలు చేసుకున్నారు. ఆరో భాగం అయ్యేసరికి సూర్యుడు నడినెత్తికి వస్తాడు. లాటిన్‌లో ఆరోది అనే మాట 'సెక్స్టా'. స్పెయిన్ వాళ్లు మధ్యాహ్నం నిద్రను 'సియెస్టా' అంటారే, ఆ పేరు అందులోంచి వచ్చిందే. ఎండ దేశాల సంగతి కాబట్టి అందులో వింత లేదు.

వింత ఇంగ్లండులో ఉంది. అక్కడ 1563లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, కూలీల మీద ఒక పెద్ద చట్టం చేశారు. అది కూలీల మీద జాలితో చేసింది అనుకునేరు, కాదు. ఏ పనికి ఎంత కూలి ఉండాలో ఊళ్లలోని మేజిస్ట్రేట్లే ఏటా తేల్చేవాళ్లు. అంతకన్నా ఎక్కువ ఇచ్చిన ఆసామికి పది రోజుల జైలు, జరిమానా. పుచ్చుకున్న కూలికి ఇరవై ఒక్క రోజుల జైలు. ఇచ్చిన వాడి కంటే తీసుకున్న వాడికి రెట్టింపు, గమనించండి. మార్చి సగం నుంచి సెప్టెంబరు సగం దాకా రోజుకూలి పొద్దున అయిదింటికల్లా పనిలో ఉండాలి, రాత్రి ఏడు ఎనిమిది మధ్య దిగాలి. తిండికీ తాగడానికీ అన్నీ కలిపి రోజుకు రెండున్నర గంటలు మించకూడదు. ఒక గంట పనిలో లేకపోతే ఒక పెన్నీ కోత.

ఇంత కర్కోటకమైన చట్టంలో కూడా ఒక మాట ఉంది. మే సగం నుంచి ఆగస్టు సగం వరకు కూలికి మధ్యాహ్నం నిద్రకు అరగంట! అరగంట దాటకూడదని గట్టిగా రాశారు, అది వేరే సంగతి. కానీ నిద్ర అనే మాటను చట్టంలో పెట్టారు, తిండి పక్కనే, తిండిలాగే. వాళ్ల జూన్ ఎండ మన పుష్యమాసం ఎండకు సరితూగుతుందో లేదో నాకు అనుమానమే. అయినా తెల్లవారుజామున లేచి కొడవలి పట్టిన వాడు మధ్యాహ్నం వాలిపోతాడని ఆ చట్టం రాసిన దొరలకు తెలుసు.

దాని మీద సణుగుడు లేకపోలేదు. ఆ కాలంలోనే డర్హాంలో పిల్కింగ్‌టన్ అనే బిషప్పు ఉండేవాడు. కూలివాడు పొద్దున ఆలస్యంగా వస్తాడు, రాగానే తిండి అంటాడు, మధ్యాహ్నం నిద్ర అంటాడు, సాయంత్రం మళ్లీ ఏదో తాగాలంటాడు, గంట కొట్టగానే పనిముట్టు పారేసి పోతాడు అని ఆయన మొర. నాలుగు వందల యాభై ఏళ్ల కింద ఒక బిషప్పు రాసింది చదివితే మన గ్రూపులో మెసేజీ చదివినట్టే ఉంది నాకు.

ఆ చట్టం వచ్చిన రెండేళ్లకు, 1565లో, ఇప్పటి బెల్జియం ప్రాంతంలో బ్రూగెల్ అనే చిత్రకారుడు గోధుమ కోతల బొమ్మ ఒకటి వేశాడు. ఇప్పుడది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, ఫోన్లో వెతికితే కనబడుతుంది, తప్పకుండా చూడండి. ఒక పక్క కొందరు కోస్తున్నారు, మోపులు కడుతున్నారు. చెట్టు నీడన కొందరు కూర్చుని రొట్టె తింటున్నారు. ఆ చెట్టు మొదట్లోనే ఒకడు కాళ్లు బార్లా చాపి, నోరు తెరిచి నిద్రపోతున్నాడు. పక్కన తింటున్న వాళ్లు వాడి వంక కూడా చూడ్డం లేదు. ఆ బొమ్మ ఒక పెద్ద వ్యాపారి తన ఇంటి కోసం వేయించుకున్నది. పడుకున్న కూలి బొమ్మ ఆయన గోడ మీదికి ఎక్కింది. మన ఫొటోలాగే చెట్టు, కూలీలు, నిద్ర. కింద రాత మాత్రం లేదు.

మరి మార్పు ఎక్కడ వచ్చింది? గడియారం దగ్గర.

1700 ప్రాంతంలో ఇంగ్లండు ఈశాన్యాన, న్యూకాజిల్ దగ్గర, క్రౌలీ అనే ఆయనకు పెద్ద ఇనుప కార్ఖానాలు ఉండేవి. మేకులు, గొలుసులు, పనిముట్లు చేసేవాళ్లు. ఆయన తన పనివాళ్లకు ఒక చట్టాల పుస్తకమే రాయించాడు. పొద్దున అయిదు నుంచి రాత్రి ఎనిమిది దాకా, తిండికి గంటన్నర తీసేస్తే పదమూడున్నర గంటల నికరమైన పని ఉండాలి. ఆ లెక్క కట్టేటప్పుడు ఏమేమి కోయాలో వరసగా రాశాడు: సారా కొట్టుకు పోయిన సేపు, ఆడుకున్న సేపు, నిద్రపోయిన సేపు, పొగ తాగిన సేపు, పాట పాడిన సేపు, పేపరు చదివిన సేపు, పోట్లాడుకున్న సేపు. పాట పాడినా కోతే! ఇక సమయం చూసేందుకు ఒకే గడియారం. దాన్ని ఎవరూ ముందుకూ వెనక్కూ తిప్పకుండా తాళం వేసి పెట్టాలి. చట్టం ఒప్పుకున్న అరగంట నిద్ర ఆ పుస్తకంలో దొంగతనాల జాబితాలోకి వెళ్లిపోయింది.

థాంప్సన్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1967లో దీని మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. దాని సారం మన భాషలో చెప్తా. పాతకాలంలో పనిని పనితో కొలిచేవాళ్లు: ఈ చేను కోయాలి, ఈ గొర్రెల ఉన్ని తీయాలి. గడియారం వచ్చాక పనిని సమయంతో కొలవడం మొదలైంది. అప్పట్నుంచి కూలివాడి గంట యజమాని సొమ్మయింది. ఆ గంటలో కన్ను మూస్తే దొంగతనం.

మీకు ఇది కొత్తగా ఏమీ అనిపించదు, ఎందుకంటే మన చేలో రెండు పద్ధతులూ ఉన్నాయి. ఎకరం ఇంత అని గుత్తకు ఇచ్చినప్పుడు వాళ్లు మధ్యాహ్నం గంట పడుకున్నా, రెండు గంటలు పడుకున్నా మనం అడుగుతామా? అడగం. అదే మనుషులు, అదే చెట్టు. రోజుకూలికి పిలిచిన రోజే మన కళ్లు చెట్టు కింద వాలతాయి. కోపం నిద్ర మీద కాదన్నమాట, లెక్క మీద.

కార్ఖానాలు మిల్లులయ్యాక సంగతి మరీ ఘోరం. 1832లో ఇంగ్లండు పార్లమెంటు కమిటీ ముందు మిల్లుల్లో పెరిగిన వాళ్లు వచ్చి సాక్ష్యం చెప్పారు. సాయంత్రానికి పిల్లలు నిలబడే తూలిపోయేవాళ్లు, మేస్త్రీలు తోలుపట్టీతో కొట్టి లేపేవాళ్లు. మరుసటి ఏడు, 1833లో, చట్టం వచ్చింది: బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్ల లోపు పిల్లల్ని పెట్టకూడదు, పదమూడేళ్ల లోపు వాళ్లకు వారానికి 48 గంటలు దాటకూడదు. పట్టు మిల్లులకు మినహాయింపు ఇచ్చారు లెండి.

మన దేశానికి వస్తే బొంబాయి. అక్కడి బట్టల మిల్లుల్లో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకే దాకా పని. వారం సెలవు లేదు. జ్యోతిరావు ఫూలే వెంట నడిచిన నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన అప్పుడు కార్మికుల్ని కూడగట్టాడు. 1884లో వేల మంది సంతకాలతో ఒక అర్జీ పెట్టించాడు. అడిగినవి చూడండి: ఆదివారం సెలవు, పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పొద్దు గూకే సరికి వదలడం, పదిహేనో తారీకు లోపల జీతం, దెబ్బ తగిలితే పరిహారం, మధ్యాహ్నం అరగంట విశ్రాంతి. అంతే. ఆ అరగంట మళ్లీ! ఇంగ్లండు రాణి చట్టంలో 1563లో ఉన్నది, మన వాళ్లు 1884లో అర్జీ పెట్టుకుని అడగాల్సి వచ్చింది, అదీ ఇంగ్లీషు వాళ్ల రాజ్యంలోనే.

ఆదివారం సెలవు 1890లో వచ్చింది. 1891 ఫ్యాక్టరీ చట్టంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు లోపల అరగంట పని ఆపాలని పెట్టారు. ఇందులో మనవాళ్ల పోరాటంతో పాటు మాంచెస్టర్ మిల్లు యజమానుల ఒత్తిడి కూడా ఉంది. బొంబాయి మిల్లులు ఎక్కువ గంటలు నడిపి తమకు పోటీ వస్తున్నాయని వాళ్ల ఏడుపు. మంచి పని ఒక్కోసారి చెడ్డ ఉద్దేశంతో కూడా జరుగుతుంది. తర్వాత వచ్చిన 1948 చట్టం ప్రకారం ఫ్యాక్టరీలో అయిదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాల్సి ఉండేది. పొలం ఫ్యాక్టరీ కాదు కాబట్టి ఆ చట్టం మన గట్టు దాకా రాలేదు. ఇక్కడ మనమే చట్టం.

పెద్దవాళ్ల నిద్ర సంగతి ఒకటి చెప్పి ముందుకు పోతా. కరెంటు బల్బు ఎడిసన్ నిద్ర అంటే దండగ అనేవాడు, రోజుకు నాలుగైదు గంటలు చాలని గొప్ప చెప్పుకునేవాడు. ఆయన పనిచేసే చోట లైబ్రరీలో మాత్రం ఒక మంచం ఉండేది, పగలు కునుకు తీయడానికి. 1921లో అమెరికా అధ్యక్షుడు హార్డింగ్‌తో కలిసి అడవిలో డేరాలు వేసుకున్నప్పటి ఫొటో ఒకటి ఉంది. వెనక అధ్యక్షుడు కుర్చీలో పేపరు చదువుతుంటాడు, ముందు ఎడిసన్ చెట్టు కింద గడ్డిలో పడుకుని నిద్రపోతుంటాడు. దాన్ని చూసి ఎవరూ ఆయన్ని సోమరి అనలేదు.

ఇక మన కోర్టులు. పుణేలో భారత్ ఫోర్జ్ కంపెనీలో ఒక హెల్పరు 1983 ఆగస్టులో, పొద్దున 11.40కి, పని చోటే ఇనుప రేకు మీద నిద్రపోతూ దొరికాడు. అంతకుముందే మూడుసార్లు వేరే తప్పులకు చిన్న శిక్షలు పడ్డవాడు. తీసేశారు. శిక్ష మరీ ఎక్కువైందని లేబర్ కోర్టు అంది. కేసు పైకి పైకి పోయి, చివరికి 2005లో సుప్రీంకోర్టు తీసేయడం సబబే అంది. ఇరవై ఏళ్ల పైనే, ఒక నిద్రకు! ఆ తీర్పును నేను తప్పు పట్టను. ఇనుము కాల్చి కొట్టే చోట, షిఫ్టు మధ్యలో నిద్ర ప్రమాదం.

రెండోది దీనికి ఎదురు. కర్ణాటకలో ఆర్టీసీ కానిస్టేబుల్ ఒకాయన డ్యూటీలో నిద్రపోతుంటే వీడియో తీసి తిప్పారు. సంస్థ పరువు పోయిందని 2024లో సస్పెండ్ చేశారు. 2025 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ సస్పెన్షన్ కొట్టేసింది. మనుషులు చాలక ఆయన చేత రెండు నెలలు రోజుకు పదహారు గంటల చొప్పున పని చేయించారని తేలింది. పదహారు గంటలు చేయించిన వాళ్లదే తప్పు గానీ కన్ను మూసిన వాడిది కాదు, నిద్రా విశ్రాంతీ మనిషి హక్కు అంది కోర్టు. వీడియోలో నిద్ర మాత్రమే కనిపించింది, ఆ రెండు నెలలు కనిపించలేదు. మన గ్రూపులో ఫొటోలో కూడా తెల్లారి నాలుగింటికి లేచి, ఇంటెడు చాకిరీ చేసి, అన్నం వండి క్యారేజీ కట్టుకుని ఆటో ఎక్కడం కనిపించదు కదా.

మిరప ధర చూస్తే మన కడుపు మండుతోంది, నాకు తెలుసు. కోత కూలి కూడా మిగలని ఏళ్లు నేనూ చూశా. కానీ ఒక లెక్క చూడండి. అమెరికాలో నాసా వాళ్లు సముద్రం మీదుగా దూరం పోయే విమానాల పైలట్ల మీద ఒక పరీక్ష చేశారు. కొందరికి వంతుల వారీగా నలభై నిమిషాలు పడుకునే వీలిచ్చారు. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. మిగతా వాళ్లకు ఆ వీలివ్వలేదు. పడుకుని లేచిన వాళ్లు చివరి దాకా చురుగ్గా ఉన్నారు. పడుకోని వాళ్లకు విమానం దిగే ముందు కూడా తెలియకుండానే కళ్లు మూతలు పడ్డాయి. మిరపకాయ కోయడానికి విమానం నడిపినంత తెలివి అక్కర్లేదు అంటారేమో. మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే పచ్చికాయా పండుకాయా చూడకుండా కొమ్మతో సహా లాగేస్తారు. ఆ చెట్టు మీద తర్వాతి కోత పోయేది మనదే.

ఈ ఏడు మేస్త్రమ్మతో కూర్చుని మాట్లాడుకున్నా. పొద్దున ఎనిమిదికి బదులు ఆరున్నరకు చేలో దిగుతారు. పన్నెండున్నరకు అన్నం, రెండింటి దాకా విశ్రాంతి, అయిదింటికి ఆటో. ఇన్ని గంటలు అని ముందే చెప్పుకున్నాం కాబట్టి కోత అనే మాటే రాలేదు. చెట్టు కింద గండుచీమలు ఎక్కువగా ఉన్నాయని పరుచుకోవడానికి రెండు పట్టాలు కూడా కొన్నా.

ఆదివారం నేనూ వస్తున్నా. మీ చేలల్లో వేరే పద్ధతి ఏదైనా ఉంటే, గంటలూ కూలీ ఎంతో కూడా కలిపి కింద రాయండి, పట్టుకొస్తా.