గూఢలిపి - పౌరుడు - శాసనము

వ్రాత పుట్టిననాడే దానిని ఇతరులు చదువకుండ దాచవలెనను కోరికయు పుట్టినది. మన పూర్వులు గూఢముగా వ్రాయుటను 'మ్లేచ్ఛిత వికల్ప'మను పేర అరువదినాలుగు కళలలో చేర్చిరి. చారులు గూఢలేఖనముతో వార్తలు పంపు పద్ధతిని కౌటిల్యుడు అర్థశాస్త్రములో పేర్కొనెను. అయినను ఇరువదవ శతాబ్దములో చాలభాగము గడచువరకు ఈ విద్య ముఖ్యముగా రాజులకు, రాయబారులకు, సైన్యములకు సంబంధించినదిగనే ఉండెను. సామాన్యుని ఉత్తరమునకు కవరుమీది జిగురే రక్షణ.

కంప్యూటర్లు ఇంటింటికి వచ్చిన తరువాత ఈ విద్య సామాన్యుని చేతికి అందినది. దానిని అతని చేత ఉండనీయవచ్చునా అను ప్రశ్నపై అమెరికాలో సుమారు ఇరువదియైదు సంవత్సరములు వివాదము నడచినది. కంప్యూటరు విద్యను రాజకీయ లక్ష్యమునకు వినియోగించుటకు 'హాక్టివిజము' అను పేరు 1996 ప్రాంతమున ఏర్పడినది. ఆ పేరు వినగానే ఇతరుల యంత్రములలోనికి దొంగతనముగా చొరబడుట జ్ఞప్తికి వచ్చును. కాని మిక్కిలి ఫలితమిచ్చిన పోరాటమొకటి ఎట్టి చొరబాటును లేకుండ, ఒక ప్రోగ్రామును వ్రాసి ఉచితముగా పంచిపెట్టుటతోనే జరిగినది.

ఒక తాళమునకు రెండు చెవులు

పాత పద్ధతిలో వార్తను మూయుటకును, తెరచుటకును ఒకటే తాళపుచెవి. పంపువాడును, అందుకొనువాడును దానిని ముందే పంచుకొనవలెను. దూరముననున్న వానికి దానిని పంపుట ఎట్లు? వార్తను పంపు దారిననే పంపినచో దారిలోని దొంగకు రెండును చిక్కును. పైగా వేయిమంది తమలో తాము రహస్యముగా ఉత్తరములు వ్రాసికొనవలెనన్నచో, ఇద్దరిద్దరికి ఒకటి చొప్పున 4,99,500 చెవులు కావలెను.

ఈ చిక్కునకు 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు కొత్త దారి చూపిరి. ప్రతి మనిషికిని రెండు చెవులుండవలెను. ఒకటి బహిరంగమైనది, దానితో మూయుటయే సాధ్యము. రెండవది అతని యొద్దనే ఉండు రహస్యమైనది. తెరచుట దానితోనే సాధ్యము. మరుసటి సంవత్సరము మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలోని రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అను ముగ్గురు దీనిని లెక్కగా మార్చిరి. వారి పేర్ల మొదటి అక్షరములతో దానిని 'ఆర్.ఎస్.ఏ.' పద్ధతి యందురు.

ఉన్నత పాఠశాల విద్యార్థి సైతము ఈ లెక్కను చేయగలడు. 3, 11 అను రెండు ప్రధాన సంఖ్యలను తీసికొందురు. వాని లబ్ధము 33. రెండింటి నుండియు ఒక్కొక్కటి తగ్గించి గుణించినచో 2×10=20. ఇరువదితో ఉమ్మడి కారణాంకము లేని 3ను బహిరంగమైన చెవిగా ఎన్నుకొందురు. 3ను ఏ సంఖ్యతో గుణించి 20తో భాగించినచో శేషము 1 వచ్చును? 3×7=21 కనుక 7 రహస్యమైన చెవి. 33ను, 3ను లోకమునకు ప్రకటింతురు, 7ను దాచుకొందురు.

ఎవరైన 4 అను సంఖ్యను పంపదలచినచో దాని మూడవ ఘాతము 64ను 33తో భాగించి, శేషము 31ని పంపును. అందుకొన్నవాడు 31 యొక్క ఏడవ ఘాతమును 33తో భాగింపవలెను. 31 అనునది 33కు రెండు తక్కువ కావున దానిని -2గా భావింపవచ్చును. -2 యొక్క ఏడవ ఘాతము -128. దానికి 33×4=132 కలిపినచో 4 వచ్చును. పంపిన సంఖ్య దొరకినది.

దారిలో 31ని చూచిన దొంగకు 33 తెలియును, 3 తెలియును. 7ను కనుగొనుటకు అతడు 33ను కారణాంకములుగా విడదీయవలెను. 33 అయినచో క్షణములో పని. వందల అంకెలున్న సంఖ్య అయినచో మహా యంత్రములకును అలవికాదు. 1977లో 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ ఇట్టి 129 అంకెల సంఖ్యను పాఠకుల ముందుంచెను. దానిని విడదీయుట 1994లోగాని కాలేదు. అందుకు సుమారు 600 మంది, 1,600 యంత్రములతో, ఎనిమిది నెలలు శ్రమించిరి. నేడు సాధారణముగా వాడు సంఖ్యలకు 617 అంకెలుండును.

ఇదే ఆలోచన బ్రిటిషు ప్రభుత్వపు గూఢచర్య శాఖలో పనిచేయు జేమ్స్ ఎల్లిస్‌కు 1970లోనే తోచినది. అదే శాఖలోని క్లిఫర్డ్ కాక్స్ 1973లో దానికి లెక్క కూర్చెను. కాని ప్రభుత్వము దానిని దాచినది. 1997 డిసెంబరులో ఆ సంగతి వెల్లడించునప్పటికి ఎల్లిస్ మరణించి కొద్దివారములే అయినది.

గణితము ఆయుధమగునా?

ఆనాటి అమెరికా చట్టములో గూఢలిపి సాధనములు యుద్ధసామగ్రి పట్టికలో, టాంకులు, ఫిరంగుల సరసన ఉండెను. అనుమతి లేక వానిని విదేశములకు పంపుట నేరము. ఇట్టి పరిశోధనలను ప్రకటించుట కూడ ఈ చట్టమునకు విరుద్ధము కావచ్చునని 1977లో జాతీయ భద్రతా సంస్థ ఉద్యోగి ఒకడు ఇంజనీర్ల సంఘమునకు ఉత్తరము వ్రాసెను. ఆ సంవత్సరమే జరిగిన సభలో హెల్మన్ శిష్యులు మెర్కిల్, పోలిగ్ తమ పత్రములను చదువవలసియుండెను. వ్యవహారము న్యాయస్థానమునకు పోయినచో విద్యార్థుల భవిష్యత్తు చెడునను శంకతో వారి పత్రములను గురువే చదివెను. ఎవరిపైనను చర్య జరుగలేదు.

అసలు పరీక్ష 1991లో వచ్చినది. న్యాయస్థానపు ఆజ్ఞ చూపినప్పుడు సందేశముల అసలు రూపమును ప్రభుత్వమునకు ఇచ్చు ఏర్పాటు సాధనములలో ఉండవలెనను భావము ఆ సంవత్సరము అమెరికా సెనేటు ముందుకు వచ్చిన 266వ బిల్లులో కనబడినది. కొలరాడోలోని బౌల్డరు పట్టణములో ఫిలిప్ జిమ్మర్‌మన్ అను ప్రోగ్రాముల రచయిత ఉండెను. ఆయన అణ్వాయుధ వ్యతిరేకోద్యమములో పనిచేసినవాడు. శాసనమే వచ్చినచో పౌరునికి రహస్యమనునది మిగులదని భయపడి, ఇంటి అప్పు వాయిదాలు అయిదు తప్పినను లెక్కచేయక, రెండు చెవుల పద్ధతితో నడచు ప్రోగ్రామును పూర్తిచేసెను. దానికి 'ప్రెటీ గుడ్ ప్రైవసీ' అని పేరిడి జూన్ నెలలో ఉచితముగా విడిచెను. ఆ బిల్లులోని షరతు వీగిపోయినది. ప్రోగ్రాము మాత్రము త్వరలోనే దేశపు ఎల్లలు దాటినది.

1993లో ఆయనపై నేరవిచారణ మొదలయ్యెను. యుద్ధసామగ్రిని అనుమతి లేక ఎగుమతి చేసినట్లు అనుమానము. మూడేండ్లు చెరసాల భయము తలపై వ్రేలాడినది. ఈలోపల 1995లో మసాచుసెట్స్ సంస్థ ముద్రణాలయము ఆ ప్రోగ్రాము యావత్తును పుస్తకముగా అచ్చువేసినది. పుస్తకమును ఆపుటకు రాజ్యాంగములోని వాక్స్వాతంత్ర్యము అడ్డము. అనగా డిస్కులోనున్నప్పుడు ఆయుధమైన లెక్క కాగితముపై విద్య అయినది! 1996 జనవరిలో ప్రభుత్వము అభియోగము మోపకయే విచారణను మానినది. 1997లో కొత్త ప్రోగ్రామును ఆరువేలకు పైగా అచ్చుపుటలుగా యూరపునకు చేర్చి, అచ్చట స్వచ్ఛంద సేవకులు పుటపుటను యంత్రముతో చదివించి తిరిగి ప్రోగ్రాముగా కూర్చిరి.

ప్రభుత్వపు వాదము

ప్రభుత్వపు వాదము నిరాధారము కాదు. న్యాయాధిపతి ఆజ్ఞతో నేరస్థుని ఇంటిని సోదా చేయవచ్చును, టెలిఫోనును వినవచ్చును. ఎవరును తెరువలేని తాళము నేరస్థుని చేతికి వచ్చినచో ఆ ఆజ్ఞకు విలువయేమి? దీనికి పరిష్కారముగా 1993 ఏప్రిల్‌లో 'క్లిపర్' అను చిప్పును ప్రకటించిరి. టెలిఫోనులో దానిని అమర్చినచో మాటలు రహస్యముగా సాగును. కాని ప్రతి చిప్పు యొక్క చెవియు రెండు ముక్కలై రెండు ప్రభుత్వ శాఖల వద్ద ఉండును. న్యాయస్థానము ఆజ్ఞాపించినచో ఆ ముక్కలను కలుపుదురు.

మరుసటి సంవత్సరమే బెల్ ప్రయోగశాలలోని మాట్ బ్లేజ్ ఇందులో దోషమును చూపెను. ప్రభుత్వము గుర్తించుటకై చిప్పు పంపు ముద్రను సరిచూచు సంకేతమునకు 16 బిట్లే ఉండెను. అనగా 65,536 విధములు మాత్రమే. వరుసగా ప్రయత్నించినచో దొంగముద్ర ఒకటి దొరకును. అప్పుడు చిప్పు పనిచేయును గాని ప్రభుత్వమునకు మాత్రము తెరువ వీలుకాదు. ప్రజలును కొనలేదు. కొలది యేండ్లలో ఆ పథకము మూలబడినది. అందరి చెవులను ఒకచోట దాచిన ఆ స్థలమే దొంగలకు అన్నిటికంటె ఆకర్షకమగునని 1997లో పదునొకండుగురు నిపుణులు హెచ్చరించిరి.

బలహీనమైన తాళముల అపాయమును 1998 జూలైలో ఒక పౌరహక్కుల సంస్థ నిరూపించినది. 1977 నుండి ప్రభుత్వ ప్రమాణమైన 56 బిట్ల గూఢలిపిని, రెండున్నర లక్షల డాలర్లకు లోపుగా నిర్మించిన యంత్రముతో, 56 గంటలలో ఛేదించినది. 1999లో ఒక అప్పీలు న్యాయస్థానము డేనియల్ బెర్న్‌స్టీన్ వ్యాజ్యములో ప్రోగ్రాము వ్రాతయు వాక్స్వాతంత్ర్యములోనిదే అని తీర్పు చెప్పినది. పునర్విచారణకై ఆ తీర్పును తరువాత నిలిపిరి. 2000 జనవరిలో ఎగుమతి నిబంధనలు చాలవరకు సడలినవి.

మన దేశమున

భారతదేశములో 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక శాసనము ఈ గణితమునే ఆధారముగా గొనినది. రహస్యమైన చెవితో మూసి, బహిరంగమైన చెవితో ఎవరైనను తెరచి చూచుకొనునట్లు చేసినచో అది సంతకమగును. ఇట్టి డిజిటల్ సంతకమునకు ఆ శాసనము గుర్తింపునిచ్చినది. అదే శాసనములోని 69వ సెక్షను గూఢలిపిని విప్పుటకు ఆజ్ఞాపించు అధికారమును ప్రభుత్వమునకు ఇచ్చినది. సహాయము నిరాకరించినచో ఏడేండ్ల వరకు ఖైదు. 2015 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము గూఢలిపి విధానపు చిత్తును ప్రకటించి, పౌరులు తమ సందేశముల అసలు రూపమును 90 దినములు దాచియుంచవలెనను నిబంధనపై నిరసన రాగా వెంటనే ఉపసంహరించుకొన్నది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి వ్యాజ్యములో తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ హక్కు నిరపేక్షము కాదనియు, దానికి పరిమితి విధించు శాసనము న్యాయమైనదియు, అవసరమునకు తగిన మేరదియు కావలెననియు స్పష్టపరచినది. వ్యక్తుల సమాచార రక్షణకు ప్రత్యేక శాసనము 2023లో వచ్చినది.

ఈ వివాదములో గణితము ఒక విషయమును తేల్చినది: మంచివారికి మాత్రమే తెరచుకొను తాళమును చేయుటకు ఇంతవరకు ఎవరికిని దారి దొరకలేదు. పోలీసుకు ఉంచిన సందు దొంగకును సందే. మిగిలిన ప్రశ్న గణితముది కాదు. నేరమును పట్టుటకు సమాజము ఎంత రహస్యమును వదలుకొనవలెను అనునది పౌరులు, శాసనసభలు, న్యాయస్థానములు నిర్ణయింపవలసినది.

తాళములును మారుచున్నవి. క్వాంటం కంప్యూటరు సిద్ధమైనచో పెద్ద సంఖ్యలను సులభముగా విడదీయవచ్చునని పీటర్ షోర్ 1994లో చూపెను. అట్టి యంత్రమునకు లొంగని మూడు కొత్త పద్ధతులను 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణముల సంస్థ ప్రకటించినది. 33ను విడదీయుటతో ఈ పాఠమును మొదలిడిన విద్యార్థులు పెద్దవారగునప్పటికి వారి ఉత్తరములను వేరొక లెక్క కాపాడుచుండును. దాని చెవి ఎవరి చేత నుండవలెనను ప్రశ్నకు జవాబు వారే చెప్పవలసియుండును.