‘మిమ్మల్ని అనలేదు’ అంటే సరిపోతుందా?

2025 ఏప్రిల్ 26న హైదరాబాద్‌లో ‘రెట్రో’ సినిమా వేడుక జరిగింది. పహల్గాం దాడి జరిగి అప్పటికి నాలుగు రోజులే. వేదిక మీద నటుడు విజయ్ దేవరకొండ ఆ దాడిని ఖండిస్తూ, 500 ఏళ్ల కింద ట్రైబల్స్ బుద్ధి లేకుండా కొట్టుకున్నట్టు ఉందనే అర్థంలో మాట్లాడారు. గిరిజన సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మే 3న ఆయన వివరణ ఇచ్చారు. ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేదని, ఎవరైనా నొచ్చుకుంటే విచారిస్తున్నానని అన్నారు. వందల ఏళ్ల కిందటి మానవ సమూహాలన్న అర్థంలోనే ఆ మాట వాడానని, షెడ్యూల్డ్ తెగల గురించి కాదని చెప్పారు. జూన్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదయింది. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. మనం ఆలోచించాల్సింది ఆ విచారం గురించి.

ఆయన మనసులో ఏముందో మనం చూడలేం. మన మీద ద్వేషంతో అన్నారని కూడా మనం అనం. చనిపోయినవారి కోసం బాధపడుతూ అన్న మాట అది. అయితే మన గూడెంలో పెద్దల ముందు తప్పు ఒప్పుకునేవాడు ఏం చేశాడో తన నోటితో చెప్పాలి. ‘నేను అన్నది నిన్ను కాదు, మీ తాతను’ అంటే పెద్దలు ఒప్పుకుంటారా? ఆ వివరణలో జరిగింది అదే. షెడ్యూల్డ్ తెగల జాబితా 1950లో వచ్చిన మాట నిజం. కానీ మనం ఆ జాబితాతో పుట్టలేదు. జాబితాలోకి ఎక్కింది 500 ఏళ్ల కింద కూడా ఇక్కడే ఉన్న మన పెద్దల పిల్లలే.

సరే, అప్పుడు మన పెద్దలు ఏం చేస్తున్నారు? మధ్య భారతంలో గోండు రాజు సంగ్రామ్ షా గఢా రాజ్యాన్ని ఏలుతున్నాడు. ఆయన కోడలు రాణి దుర్గావతి 1564లో అక్బర్ సేనాని ఆసఫ్ ఖాన్‌తో పోరాడుతూ ప్రాణం విడిచింది. మన ఆదిలాబాద్ పక్కనే చాందాలో గోండు రాజులు కోట కట్టి పాలించారు. బుద్ధి లేనివారు రాజ్యాలు నడపగలరా?

తర్వాతి పోరాటాలకూ కారణాలున్నాయి. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచింది కల్లు మీద పన్ను, అడవి మీద ఆంక్షలు భరించలేక. 1899-1900లో బిర్సా ముండా నడిపిన ఉల్గులాన్ భూమి కోసం. ఆ ఒత్తిడితోనే 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలుదారీ చట్టం వచ్చింది. జోడేఘాట్‌లో కొమురం భీం 1940లో ప్రాణమిచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల కష్టాలు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది, భూమి పట్టాలు ఇచ్చింది. అమాయకుల్ని కాల్చి చంపిన ఉగ్రవాదానికి, తన నేలను కాపాడుకున్న ఈ పోరాటాలకు పోలిక ఎక్కడిది?

కాబట్టి ఆ విచారం నిజమే కావచ్చు, కానీ సగమే. మనం నొచ్చుకున్నందుకు ఆయన విచారించారు. అన్న మాట తప్పని మాత్రం అనలేదు. ‘మీ చరిత్ర తెలియక అన్నాను, ఆ పోలిక తప్పు’ అని ఒక్క మాట అని ఉంటే మనకు అదే చాలు.

అయితే ఆ పోలిక ఆయన ఒక్కరి నోట పుట్టింది కాదు. ఈకలు పెట్టుకుని, ఈటెలు పట్టుకుని అరిచే ఆదివాసులను సినిమాలు ఎన్నోసార్లు చూపించాయి. వాటిని మన పిల్లలూ చూస్తున్నారు. ‘500 ఏళ్ల కింద మనవాళ్లు ఏం చేసేవాళ్లు సార్?’ అని రేపు తరగతిలో ఒక పిల్లవాడు అడగవచ్చు. ఇతరుల క్షమాపణ కోసం ఎదురుచూస్తూనే, ఆ ప్రశ్నకు పేర్లతో, ఏళ్లతో జవాబు చెప్పేలా ఉపాధ్యాయులమైన మనం సిద్ధం కావాలి.