ఆఫీసు కదిలితే ఇల్లు కూడా కదలాలి

2022 ఏప్రిల్ 4న మా బుక్కపట్నం అనంతపురం జిల్లాలో నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. మేం గడప దాటలేదు, జిల్లానే మారింది. జిల్లా కేంద్రం పుట్టపర్తి మాకు పక్కనే కాబట్టి మాకంతా లాభమే. హిందూపురం వాళ్లకు మాత్రం కేంద్రం తమకు రాలేదన్న కోపం ఉండింది, అది వేరే కథ. ఎటూ చెప్పుకోలేకపోయింది అనంతపురం ఆఫీసుల్లో పనిచేసే ఉద్యోగులు. ఒక ఉత్తర్వుతో వాళ్లలో కొంతమంది పుట్టపర్తి ఉద్యోగులైపోయారు. మధ్యలో దూరం ఎనభై కిలోమీటర్ల దాకా ఉంటుంది.

మా పక్క పోర్షన్‌లోకి అలా ఒకాయన బాడుగకు దిగినాడు. ఒక కుక్కరు, ఒక స్టవ్వు, ఒక చాప. భార్య, కొడుకు అనంతపురంలోనే ఉండిపోయారు. పిల్లాడు పదో తరగతి. ఆ ఏడాది పదో తరగతి పరీక్షలు ఏప్రిల్ 27న మొదలు, అంటే జిల్లా మారిన ఇరవై మూడు రోజులకు. రాత్రి పదింటప్పుడు గోడ అవతల నుంచి లెక్కలు చెప్పే గొంతు వినపడేది, వీడియో కాల్‌లో. తర్వాతెప్పుడో ఆయన భార్య వచ్చినప్పుడు చెప్పింది: "అక్కా, ఆ నెలంతా ఆఫీసులో ఏ కాగితం మీద ఏం రాసినాడో ఆయనకే గుర్తులేదంట."

ఆ మాట విన్నాక నాకు పెనుకొండ గుర్తొచ్చింది. పిల్లల్ని కోట చూపించడానికి ఎన్నోసార్లు తీసుకెళ్లాం. గగన్ మహల్ ముందు ఫొటోలు దిగి, చెనిక్కాయలు తిని వచ్చేశాం. అది కూడా ఒక బదిలీ కథేనని అప్పుడు తోచలేదు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు, పేరుకు రాజైన సదాశివరాయల్ని వెంటబెట్టుకుని విజయనగరం వదిలి పెనుకొండ చేరాడు. 550 ఏనుగుల మీద ధనం తరలించారని రాబర్ట్ సీవెల్ తన పుస్తకంలో రాశాడు. ఏనుగుల లెక్క ఉంది సరే. ఖజానా లెక్కలు రాసే కరణాలు, వంటవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు, చంటిపిల్లలు ఎలా వచ్చారు, ఎక్కడ వండుకున్నారు? చరిత్ర పుస్తకాలకు ఆ లెక్క పట్టదు.

ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యమనిపించింది. తిరుమలరాయలు మళ్లీ విజయనగరం వెళ్లి ఆ ఊరిని నిలబెట్టాలని చూశాడు. ఆ రోజుల్లో అక్కడికి వచ్చిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ ఏడు నెలలు అక్కడే ఉన్నాడు. ఇళ్లు పూర్తిగా కూలిపోలేదు గానీ ఖాళీగా ఉన్నాయని రాశాడు. గుర్రాల వర్తకుల సంగతి కూడా ఆయనే చెప్పాడు. గుర్రాలు తెచ్చిస్తే డబ్బిస్తానని రాజు మాటిచ్చాడు. వాళ్లు తెచ్చాక మంచివి తీసుకుని, ఒక్క కాసు ఇవ్వకుండా పంపేశాడు. ఇంక ఆ ఊరికి ఎవరొస్తారు? 1567లో రాజు తిరిగి పెనుకొండకే వచ్చేశాడు. నగరం పాడైపోవడానికి ఇదొక్కటే కారణమని నేననను, శత్రువుల భయం ఉండనే ఉంది. కానీ గోడలు నిలిచి ఉన్న ఊరు కూడా నిండలేదంటే, రమ్మన్నవాడి మాట మీద నమ్మకం లేకపోవడం చిన్న సంగతి కాదు.

మన కాలానికి వస్తే, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయింది. హైకోర్టేమో గుంటూరులో. మద్రాసులో కుళాయి నీళ్లు, పిల్లల బళ్లు అన్నీ అమరిన గుమాస్తా కుటుంబాలు ఉన్నట్టుండి కర్నూలుకు రావాల్సి వచ్చింది. ఊళ్లో కట్టడాలు చాలక గుడారాలు వేశారు. ఆఫీసులూ గుడారాల్లోనే, మనుషులూ గుడారాల్లోనే. కర్నూలు ఎండ ఎలాంటిదో మన సీమ వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ గుడ్డ కింద మే నెలలో పొయ్యి వెలిగించిన ఇల్లాలిని తల్చుకుంటే నాకు ఇప్పటికీ గొంతు ఆరిపోతుంది. అలా మూడేళ్లు గడిచి, ఇంక కాస్త కుదురుకున్నాం అనుకునేసరికి 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్ అయింది. మళ్లీ సర్దుడే.

అరవై ఏళ్ల తర్వాత అదే సర్దుడు వెనక్కు మొదలైంది. విభజన చట్టం ప్రకారం హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని. కానీ 2016 జూన్ 27 నాటికి ఉద్యోగులు అమరావతి ప్రాంతానికి రావాలని ప్రభుత్వం గడువు పెట్టింది. ఈసారి గుడారాల్లోకి తోసెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. వారానికి ఐదు రోజుల పని పెట్టారు. 30 శాతం ఇంటి అద్దె భత్యం ఇచ్చారు. ఉచిత వసతి చూపించారు. లింగంపల్లి నుంచి విజయవాడకు రైలు వేయించారు. నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం డబ్బుతో సంబంధం లేనిది. తెలంగాణ నుంచి గడువులోగా తరలివచ్చిన కుటుంబాల పిల్లల్ని చదువుల్లో ఇక్కడి స్థానికులుగానే లెక్కించేలా రాష్ట్రపతి ఉత్తర్వులో సవరణ తెచ్చారు. మొదట మూడేళ్ల గడువు, తర్వాత పొడిగించారు. తల్లిదండ్రుల గుండెల మీద నిజంగా ఉన్న బరువు ఏదో కనిపెట్టి తీసిన సాయం అది.

మరి ఐదు రోజుల పని? అదొక ఏడాదికని మొదలుపెట్టి, ఏటేటా పొడిగిస్తూనే వచ్చారు. శుక్రవారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం పొద్దున దిగడం. మనిషికి ఊరట, కాదనను. కానీ రెండు ఇళ్ల బతుకును మోసేందుకు సాయం చేసిందే తప్ప, రెండిళ్లను ఒక్కటి చెయ్యలేదు. శుక్రవారం మధ్యాహ్నం రైలు టైము చూసుకునే మనసుకు ఫైలు మీద చూపు ఎంతసేపు నిలుస్తుంది? బ్రెజిల్‌లోనూ ఇలాగే అయింది. 1960లో రియో నుంచి కొత్త రాజధాని బ్రసీలియాకు ఉద్యోగుల్ని రప్పించడానికి జీతం రెట్టింపు చేశారు. జీతం తీసుకుని, వీలు దొరికితే రియోకు పరుగెత్తినవాళ్లు చాలామంది.

మా ఊళ్లో డైట్ ఉంది కాబట్టి టీచర్ల బదిలీ మాటలు ఏళ్ల తరబడి వింటున్నాను. వాళ్ల కౌన్సెలింగ్‌లో దారి సరిగా లేని ఊళ్లో పనిచేస్తే ఎక్కువ పాయింట్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే దగ్గరగా ఉండేందుకు కొన్ని పాయింట్లు. తగాదాలు ఎన్నున్నా, కష్టానికి ఒక లెక్క కట్టారు, ఎవరి వంతు ఎప్పుడొస్తుందో మనిషికి ముందే కొంత తెలుస్తుంది. మామూలు బదిలీలను వేసవి సెలవుల్లో పెట్టడంలోనూ అర్థముంది, జూన్‌లో బళ్లు తెరిచేసరికి పిల్లాడి టీసీ చేతిలో ఉంటుంది. ఏప్రిల్ 4 లాంటి తేదీ పెట్టేటప్పుడు ఆ గదిలో పదో తరగతి పిల్లాడి తల్లి ఒక్కతె కూర్చుని ఉంటే, "సార్, ఇంకో నెలన్నర ఆగండి" అని చెప్పి ఉండేది.

కంపెనీలకు ఇది కొంచెం ముందు అర్థమైనట్టుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియా వాళ్లు దిగారు. వాళ్ల వెనకే కొరియా లిపిలో బోర్డులు, కొరియా భోజనం పెట్టే హోటళ్లు వచ్చాయి. తిరుమలరాయలు దిగిన పెనుకొండలో అలాంటి బోర్డు చూసి నేను మొదట నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. పరాయి ఊళ్లో సొంత ఊరి కూడు దొరికితే మనిషి కుదుటపడి పని చేసుకుంటాడు.

ఈ సాయాలన్నిట్లోనూ కనపడని మనిషి ఒకరున్నారు. భార్యాభర్తల పాయింట్లు ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతేనే. మా పక్కింటాయన భార్య అనంతపురంలో ఒక ప్రైవేటు బళ్లో పదకొండేళ్లు లెక్కలు చెప్పింది. ఆమెకు పాయింట్లు లేవు, భత్యం లేదు, ఉత్తర్వు కూడా లేదు. కొడుకు ఇంటర్ అయ్యాక ఉద్యోగం మానుకుని బుక్కపట్నం వచ్చింది. ఇక్కడ ఆమెకు బడి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. జీతం అక్కడ వచ్చేదానిలో సగం. ఆయన మాత్రం ఇప్పుడు రాత్రి పదింటికల్లా నిద్రపోతున్నాడు, గోడ అవతల గొంతు వినపడటం లేదు.